లోరియాన్ రేవులో స్రవంతి గారి భోజనం

2023 వేసవి మొదలు. నేపర్‌విల్ ట్రైన్ స్టేషన్‌కి దగ్గర్లో, ఒక డెంటల్ క్లినిక్ పై అంతస్తులో నా ఆఫీసు. నేను ట్రిప్ ప్లానర్‌ని. టికెట్లూ హోటళ్లూ ఇప్పుడు అందరూ ఫోన్‌లోనే బుక్ చేసుకుంటున్నారు. నా దగ్గరికి వచ్చేవాళ్ల దిగులు వేరు: అక్కడికి వెళ్లాక ఎక్కడ తినాలి, ఏది తినకూడదు. ఉల్లి ముట్టని పెద్దవాళ్లు వస్తారు, గోధుమ పడనివాళ్లు వస్తారు, వేరుశనగ గింజ తగిలితే ప్రాణం మీదికి వచ్చేవాళ్లు వస్తారు. ఇన్నేళ్ల పనిలో చిరాకులూ గొడవలూ చాలానే చూశాను. నేను నిజంగా భయపడింది మాత్రం స్రవంతి గారి విషయంలోనే.

స్రవంతి గారిది భీమవరం దగ్గర ఊరు. రొయ్యల చెరువుల మధ్య పెరిగిన మనిషికి నలభై దాటాక ఉన్నట్టుండి రొయ్య పడకుండా పోయింది. ఇక్కడే ఎవరింట్లోనో, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో రెండు ముద్దలు తిని, గొంతు మూసుకుపోయి, ఎమర్జెన్సీకి వెళ్లారు. అప్పటినుంచి రొయ్య, పీత, ఆల్చిప్ప జాతివేవీ దగ్గరికి రానివ్వరు. హ్యాండ్‌బ్యాగ్‌లో ఎప్పుడూ రెండు ఎపినెఫ్రిన్ పెన్‌లు ఉంటాయి. తొడలో గుచ్చుకుంటే, ఆసుపత్రికి చేరేదాకా మనిషిని నిలబెట్టే మందు అది.

ఆమె కూతురు నిత్య ఇంజనీరింగ్ చదువుతూ, పందెపు పడవలు తయారు చేసే చోట ఇంటర్న్‌షిప్‌కి ఫ్రాన్స్ వెళ్లింది. ఊరు లోరియాన్, బ్రిటనీ తీరంలో రేవు పట్టణం. ఒకప్పుడు మన కోస్తా నుంచి ఓడలకెక్కిన అద్దకం బట్టలు దిగిన రేవుల్లో అదీ ఒకటి. కూతుర్ని చూడ్డానికి ఒక వారం వెళ్లాలని తల్లి కోరిక. భర్త ప్రభాకర్ గారికి సెలవు దొరకలేదు.

"మాధవి గారూ, అక్కడ గాలి పీల్చినా పీతల వాసనేనంటండీ. నేను వెళ్లొచ్చా అసలు?" అన్నారు నా ఎదురుగా కూర్చుని.

"డాక్టర్ ఏమన్నారు?"

"జాగ్రత్తగా వెళ్లి రమ్మన్నారు. ఆయనకేంటండీ, తినేది నేను."

లోరియాన్‌లో పెద్ద చేపల రేవు ఉంది. తెల్లవారకముందే పడవలు సరుకు దింపుతాయి, మధ్యాహ్నానికి అది ఊళ్లో ప్రతి బల్ల మీదికీ చేరుతుంది. ఐసు పరిచిన పళ్లాల్లో పీతలు, రొయ్యలు, ఆయిస్టర్లు. అలాంటి చోట ఆమెకి వారం రోజుల తిండి వెతకాలి. బ్రిటనీ వాళ్లకి గాలెట్ అనే అట్టు ప్రాణం. బక్‌వీట్ అనే నల్లటి గింజ పిండిని మన పెసరట్టులా పలచగా, గుండ్రటి ఇనప పెనం మీద తిప్పుతారు. లోపల గుడ్డు, చీజ్. పక్కన ఆపిల్ సైడర్ అనే తేలికపాటి మద్యాన్ని కప్పుల్లో పోసిస్తారు. వద్దంటే లే రిబో ఉంటుంది, అంటే మజ్జిగే. బక్‌వీట్ ఆమెకి పడుతుందని కనుక్కున్నాను. భయం పిండితో కాదు, పెనంతో. అదే పెనం మీద స్కాలప్ అనే ఆల్చిప్ప మాంసం కూడా వేయిస్తారు. మా భాషలో దీన్ని క్రాస్ కాంటాక్ట్ అంటాం: ఒక వంట తాలూకు తడి, పెనం వల్లో గరిటె వల్లో ఇంకో వంటకి అంటుకోవడం.

నాలుగు చోట్లకి ఫోన్ చేసి, నాకొచ్చిన కొద్దిపాటి ఫ్రెంచ్‌లో వంటవాళ్లతో మాట్లాడాను. పెనం వేరుగా ఉంచుతామని ఇద్దరు ఒప్పుకున్నారు. అదికాక షెఫ్ కార్డ్ ఒకటి తయారు చేసిచ్చాను. నాకు ఫలానావి పడవు, ప్రాణాపాయం అని ఫ్రెంచ్‌లో రాసిన అట్టముక్క. ఎక్కడ కూర్చున్నా ముందు అది చూపించాలి.

మొదటి రోజులు బాగా గడిచాయి. మార్కెట్ హాల్లో స్ట్రాబెర్రీలు కొంటున్న ఫోటో వచ్చింది. వెన్నా పంచదారా కలిపి కాల్చిన క్విన్యమాన్ అనే కేక్ ఫోటో వచ్చింది. "మజ్జిగ అచ్చం మనదే, ఉప్పొక్కటే తక్కువ" అని మెసేజ్ పెట్టారు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం నేను లంచ్ బాక్స్ తెరుస్తుండగా ఫోన్ మోగింది. లోరియాన్‌లో అప్పుడు రాత్రి భోజనాల వేళ.

"మాధవి గారూ, బిజీగా ఉన్నారా?" గొంతు గుసగుసగా ఉంది. "నిత్య ఉంటున్న ఇంటివాళ్లు మమ్మల్ని డిన్నర్‌కి తీసుకొచ్చారండీ. మీరు చెప్పిన చోటు కాదు, రేవు పక్కన ఇంకోటి. నేను గుడ్డు గాలెట్టే తిన్నాను. పెదాలు కొంచెం దురదగా ఉన్నాయి. పెనం ఒకటేనా అని ఫ్రెంచ్‌లో ఎలా అడగాలి?"

లంచ్ బాక్స్ పక్కకి నెట్టేశాను.

"మీరు ఎక్కడున్నారు? పక్కన నిత్య ఉందా?"

"లేదండీ. రెస్ట్‌రూమ్‌లోకి వచ్చాను. వాళ్ల ముందు బాగోదు కదా."

"పెన్ ఎక్కడుంది?"

"బ్యాగ్‌లో. బ్యాగ్ కుర్చీకి తగిలించి వచ్చాను."

ఈ పని నేర్చుకున్న రోజుల్లోనే ఒక అలర్జీ నర్సు నాకు చెప్పింది. రియాక్షన్ మొదలైతే చాలామంది సిగ్గుపడి బాత్రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకుంటారట. తర్వాత తలుపు తీసేసరికి ఆలస్యమైపోతుందట.

"స్రవంతి గారూ, తలుపు గడియ తీయండి. ఇప్పుడే. తీసి కేకెయ్యండి."

"మొహం కడుక్కుని వస్తానండీ, ఒక్క..." మాట దగ్గుగా మారింది. దగ్గు ఆగలేదు. మధ్యలో గడియ తీసిన చప్పుడు వినిపించింది. తర్వాత ఏదో కింద పడినట్టు శబ్దం.

ఆమె లైన్ తెరిచే ఉంచి, ఆఫీసు ఫోన్‌తో నిత్యకి చేశాను. తీయలేదు. మళ్లీ చేశాను. తీయలేదు. రెస్టారెంట్ పేరు నాకు తెలియదు. రేవు పక్కన అన్నారు, అంతే. ఒక చెవిలో ఆమె ఊపిరి ఈల వేసినట్టు వినిపిస్తోంది. "స్రవంతి గారూ, హోటల్ పేరేంటి? ఒక్క ముక్క చెప్పండి" అని అరిచాను. జవాబు లేదు. మ్యాప్ తెరిస్తే ఆ రేవు పక్కన క్రెపెరీలు, అంటే అట్ల హోటళ్లు, వరసగా కనిపించాయి. మొదటిదానికి చేశాను. భారతీయ మహిళ ఎవరూ లేరన్నారు. రెండోదానికి చేశాను. ఒక ఆడమనిషి తీసింది, వెనక గిన్నెల చప్పుడు.

"మదామ్, చీర కట్టుకున్న..." అని మొదలుపెట్టి, ఆమె చీర కట్టుకుందో లేదో నాకు తెలియదని గుర్తొచ్చి ఆగాను. "ఇండియన్ మహిళ, టాయిలెట్‌లో, అలర్జీ, చచ్చిపోతోంది" అన్నాను వచ్చీరాని ఫ్రెంచ్‌లో.

అవతల ఫోన్ బల్ల మీద పడేసిన చప్పుడు. మరుక్షణం రెండో చెవిలో, స్రవంతి గారి ఫోన్లోంచి, అదే ఆడమనిషి కేక వినిపించింది. చోటు అదే. ఆ తర్వాత పరుగులు, నిత్య గొంతు.

"మామ్! మామ్, ఏమైంది?"

"నిత్యా, నేను మాధవి ఆంటీని. ఫోన్ కింద ఉంది, వింటున్నావా? కుర్చీకున్న బ్యాగ్‌లోంచి పెన్ తెచ్చి తొడ మీద గుచ్చు. బట్ట మీంచే గుచ్చెయ్."

"ఆంటీ, ఐ కాంట్, నా చేతులు షేక్ అవుతున్నాయి..."

"అవనీ. గట్టిగా నొక్కి పట్టుకో. అమ్మని లేవనివ్వకు. ఆ హోటల్ ఆవిడని పదిహేనుకి ఫోన్ చెయ్యమను." పదిహేను అక్కడి అంబులెన్స్ నంబర్.

తర్వాత నాతో ఎవరూ మాట్లాడలేదు. ఫ్రెంచ్ మాటలు, నిత్య ఏడుపు వినిపించాయి. ఊపిరి ఈల మాత్రం వినిపించడం లేదు. అది తగ్గిందో, ఆగిందో తెలియదు. పేరు పెట్టి పిలిచాను, పిలుస్తూనే ఉన్నాను. ప్రభాకర్ గారికి ఫోన్ చేసి ఏమని చెప్పాలి? నంబర్ నొక్కబోయి ఆగిపోయాను. అంత భయం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

చివరికి నిత్య ఫోన్ ఎత్తింది. "ఆంటీ, సెకండ్ పెన్ కూడా ఇచ్చాను. కళ్లు తెరిచింది. అంబులెన్స్ వచ్చేసింది."

అప్పుడు ప్రభాకర్ గారికి ఫోన్ చేశాను. భార్య బతికే ఉందన్న మాట మొదట చెప్పి, మిగతాది తర్వాత చెప్పాను.

ఆ రాత్రి ఆమెని ఆసుపత్రిలోనే ఉంచుకున్నారు. మందు దిగిపోయాక రియాక్షన్ మళ్లీ తిరగబెట్టే ప్రమాదం ఉంటుంది. తిరగబెట్టలేదు. నేపర్‌విల్ వచ్చాక ఆమె నా ఆఫీసుకి వచ్చారు. కార్డ్ ఎందుకు చూపించలేదని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆమే చెప్పారు.

"చూపిద్దామనే బ్యాగ్‌లో చెయ్యి పెట్టానండీ. నిత్య ఉంటున్న ఇంటి పెద్దావిడ ఎంత సంతోషంగా ఉందో! వాళ్ల ఊరి వంట నాకు తినిపిస్తున్నానని మురిసిపోతోంది. మధ్యలో కార్డ్ తీసి ప్రాణాపాయం అంటే వాళ్ల భోజనం ఏం కావాలి? నాకు చచ్చిపోతానని భయం వెయ్యలేదు మాధవి గారూ. వాళ్లు నొచ్చుకుంటారని భయం వేసింది."

పెనాల గురించి, గరిటెల గురించి, ఏ వంటలో ఏం కలుపుతారో దాని గురించి నేను అన్నీ ఆలోచిస్తాను. మనవాళ్ల మొహమాటం అంత ప్రమాదమని నాకు ఆ రోజే తెలిసింది. ప్రేమగా పెట్టే చేతికి అడ్డం చెప్పలేక మనం ఏదైనా మింగేస్తాం.

అందుకే ఇప్పుడు కార్డ్ చేతికిచ్చి ఊరుకోను. బుక్ చేసే ముందు, నేను ఆతిథ్యం ఇచ్చే మనిషినని అనుకుని, నాకే ఎదురు చెప్పమంటాను. చాలామంది నవ్వేస్తారు. కొందరికి నిజంగానే నోరు పెగలదు. మొన్న రెడ్‌మండ్ నుంచి ఒక కుర్ర ఇంజనీరు వీడియో కాల్‌లో వచ్చాడు, వేరుశనగ పడదు. "వద్దు, ఇది తింటే చచ్చిపోతాను" అని చెప్పమన్నాను. గొణిగాడు. మళ్లీ అన్నాను. ఇంకా గొణిగాడు. నేను ఊరుకోలేదు. మూడోసారి ఎంత గట్టిగా అరిచాడంటే, లోపలి గదిలోంచి అతని భార్య పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగింది.

అప్పుడు టికెట్ బుక్ చేశాను.