చామాకు కాని ఆకు

నిరుడు కోరుట్లలో మిత్రుడి ఇంటి ముందు ఏనుగు చెవులంత ఆకులున్న మొక్కను చూసి ముచ్చటపడి, ఓ గడ్డ అడిగి తెచ్చాను. సిరిసిల్లలో మా పెరట్లో, స్నానాల నీళ్లు పారే చోట నాటాను. అది అందానికేనని అమ్మకు చెప్పలేదు. ఆమె దృష్టిలో అది బాగా బలిసిన చామ.

ఒక మధ్యాహ్నం నేను మరమగ్గాల షెడ్డులో ఉండగా, అమ్మ గుమ్మంలో నిలబడి నోరు చూపిస్తూ చెయ్యి ఊపింది. ఆ చప్పుడులో మేమంతా సైగలతోనే మాట్లాడుకుంటాం. అన్నానికి పిలుస్తోందనుకుని, తర్వాత వస్తానని నేనూ చెయ్యి ఊపాను. ఆమె కదల్లేదు. దగ్గరికి వెళ్తే పెదవులు ఉబ్బి, చొంగ కారుతోంది.

మగ్గాలన్నీ ఆపించాను.

“ఏమైందే అమ్మా?”

అమ్మ నోరు తెరిచింది. అంత నిశ్శబ్దంలోనూ మాట వినిపించలేదు.

బండి మీద ఆసుపత్రికి పోతున్నంతసేపూ ఆమె ఊపిరి నా మెడకు తగులుతోందో లేదో చూసుకుంటూ నడిపాను. సూదిమందు పడ్డాక, సాయంత్రానికి గొంతు పెగిలింది. అన్నానికి పిలిచావనుకున్నానని చెప్పాను.

“అన్నానికి పిలువలేదురా. గా ఆకు పప్పుల ఏసి ఉప్పు సూసిన, నోరంత మండింది. నువ్వు తినకుమని చెప్పనీకి అచ్చిన.”

ఇంటికి రాగానే గడ్డను వేర్లతో సహా తవ్వి పారేశాను. ఊపిరాడనప్పుడు కూడా నా కంచం గురించి కంగారుపడిన మనిషికి, నేను చేయగలిగిన సేవ అంతే.