ఒకసారి కట్టిన పాట మళ్ళీ కట్టని దేవదానం

నిన్న పొద్దున కాఫీ తాగుతూ ఫోన్ తెరిస్తే, మా పాత ఆర్కెస్ట్రా గ్రూపులో దేవదానం ఫొటో. చుట్టూ పూల ఫ్రేము. వెనకాల పాట.



దానం పోయాడన్నది ఒక దెబ్బ. వెనకాల వస్తున్నది మా మాస్టారి పాట అన్నది ఇంకో దెబ్బ.

ఏ పాటని కాదనుకుని వెళ్ళిపోయాడో అదే పాట పెట్టి సాగనంపారు. కింద వరసగా దండాలు. "గ్రేట్ ఆర్టిస్ట్" అట. ఆ మాట అన్నవాళ్ళలో ఒక్కడికైనా దానం పాట ఒక్కటి తెలుసా?

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను.

డెబ్బైల్లో బెజవాడలో మాకొక లైట్ మ్యూజిక్ ట్రూప్ ఉండేది. పెళ్ళిళ్ళు, కాలేజీ ఫంక్షన్లు, దసరా పందిళ్ళు. నడిపేది మాస్టారు. నేను తబలా. కొండపల్లి నుంచి బస్సులో వచ్చే దేవదానం హార్మోనియం.

మాస్టారు ఒక మంచి పాట కట్టారు. నిజంగా మంచి పాట. ఊళ్ళన్నీ పాడుకున్నాయి.

ఆ తర్వాత ఆయన కట్టినవన్నీ ఆ పాటే. మాటలు మారేవి, అంతే. పల్లవి ఎత్తుకోగానే నా చేతులు వాటంతట అవే నడిచేవి. నా మనసు ఎక్కడో ఉండేది.

దానం అలా కాదు. పోయిన నెల కట్టిన పాటా, ఈ నెల కట్టిన పాటా ఒకే మనిషివంటే నమ్మలేం. బస్సు ఆగినప్పుడు పొలంలో నాట్లేసేవాళ్ళ పాట వినబడితే, దిగిపోయి గట్టు మీద కూర్చునేవాడు. ప్రోగ్రామ్‌కి లేటయ్యేది. మాస్టారు తిట్టేవారు.

"మొన్నటిది బావుందిగా, అట్టాంటిదే ఇంకోటి కట్టొచ్చుగా?" అన్నాను ఒకసారి.

"అది అయిపోయిందిగా శేషూ. మళ్ళీ ఎందుకు?" అన్నాడు.

ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ ఇంకా కడుతున్న రోజులు. గవర్నర్‌పేటలో ఒక హాల్లో మా ట్రూప్ వార్షికోత్సవం పెట్టుకున్నాం. ఎంతో బతిమాలితే, దానం పాటలు నాలుగు పెట్టడానికి మాస్టారు ఒప్పుకున్నారు.

అందులో ఒకటి ఏడు అక్షరాల తాళం. నాకు ఒక పట్టాన చేతికి రాలేదు. నెల రోజులు కొండపల్లిలో వాళ్ళింట్లో రిహార్సల్. వాళ్ళావిడ మార్తమ్మ మాకు పప్పుచారు, వడియాలు వడ్డించేది. ఆ తాళం చేతికి పట్టుబడిన రోజు, తబలా మళ్ళీ కొత్తగా నేర్చుకున్నట్టు అనిపించింది. ఆ రోజు నేనెంత సంతోషపడ్డానో ఇంకెప్పుడూ పడలేదు.

ఫంక్షన్ రోజు మధ్యాహ్నం హాలు నిండింది. దానం మొదటి పాటకి చప్పట్లు లేవు. రెండోది ఆ ఏడు అక్షరాల పాట. మొదటి చరణం సగంలో వెనక నుంచి కేకలు మొదలయ్యాయి.

"మాస్టారి పాట! మాస్టారి పాట వెయ్యండి!"

ఈలలు.

మాస్టారు ముందు వరసలో కూర్చున్నారు. ఆయన దానం వైపు చూడలేదు. నా వైపు చూశారు. ఆపమని చెయ్యి చూపించారు.

నేను తబలా మీంచి చేతులు తీసేశాను.

దానం ఇంకో చరణం పాడాడు. తాళం లేకుండా, ఒక్కడే. తర్వాత హార్మోనియం మూసి, లేచి వెళ్ళిపోయాడు.

మాస్టారు స్టేజీ ఎక్కి "ఏదో సరదాపడ్డాడండీ, మన్నించాలి" అని తన పాట ఎత్తుకున్నారు. నేను వాయించాను. హాలు దద్దరిల్లింది.

ఆ చప్పట్లు నాకు నచ్చాయి కూడా. దాచడం ఎందుకు.

బయట బస్టాపులో దానం ఒంటరిగా నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ఒకటే అడిగాడు.

"చెయ్యి నొప్పెట్టిందా శేషూ?"

"అవున్రా" అన్నాను.

నొప్పీ లేదు, ఏమీ లేదు. ఆ సంగతి అతనికీ తెలుసు. నేను తప్పించుకోడానికి ఒక దారి ఇచ్చాడు. సిగ్గులేకుండా అందులోంచి దూరిపోయాను.

దానం మళ్ళీ ట్రూప్‌కి రాలేదు. థర్మల్ స్టేషన్ స్టోర్స్‌లో ఉద్యోగంలో చేరాడు. ఆ తర్వాత పాటలన్నీ కొండపల్లి చర్చికే. ఒక క్రిస్మస్‌కి వెళ్ళాను. ఆరాధన అయ్యాక ఒక పెద్దావిడ గుమ్మంలోనే పట్టుకుంది అతన్ని.

"ఏంది దానం, నిరుటి పాట నోటికి వచ్చేలోగా మార్చేస్తివి. మేం ఎట్టా పాడుకోవాలయ్యా?"

"నిరుటిది మీరుంచుకోండమ్మా. నేను ఇంకోటి చూసుకుంటా" అని నవ్వాడు.

అక్కడా అంతే. అందరికీ పాతదే కావాలి.

నన్ను చూసి, మాస్టారి ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. ఆ రోజు చెయ్యి నొప్పెట్టలేదన్న నిజం చెబుదామనే వెళ్ళాను. కేకు తిని వచ్చేశాను.

మాస్టారు చెడ్డవారు కాదు. జనం అడిగింది ఇచ్చారు. నేను చివరిదాకా ఆయన దగ్గరే ఉండి ఒకే పాట వాయించాను. శాలువాలు కప్పారు. సీనియర్ ఆర్టిస్ట్ అన్నారు. ఇంట్లో బీరువా నిండా ఆ శాలువాలే.

ఈ పొద్దున సమాధి కార్యక్రమం అయ్యాక, దానం కూతురు సునీత నా దగ్గరికి వచ్చింది.

"అంకుల్, నాన్న ఏదీ రాసిపెట్టలేదు. రికార్డింగులూ లేవు. ఆ రోజు హాల్లో పాడిన పాట గురించి అమ్మ ఉన్నన్నాళ్ళూ చెబుతుండేది. మీకు గుర్తుండే ఉంటుంది. కాస్త పాడతారా, ఫోన్లో ఎక్కించుకుంటాను."

రికార్డింగ్ ఆన్ చేసి నా ముందు పట్టుకుంది.

కళ్ళు మూసుకున్నాను. తొడ మీద వేళ్ళు కదిలాయి. ఏడు అక్షరాలూ వచ్చాయి, ఒక్కటీ తప్పకుండా.

పాట రాలేదు. పల్లవి కాదు గదా, ఒక్క మాట కూడా రాలేదు.

నెల రోజులు దాని పక్కనే కూర్చున్నవాణ్ణి. అది పూర్తిగా విన్నవాళ్ళలో మిగిలిందీ నేనొక్కణ్ణే.

సునీత "పర్లేదులెండి అంకుల్" అని ఫోన్ ఆపేసింది.

దానం, క్షమించమని ఇప్పుడు అడగను. అడగాల్సింది నువ్వు ఎదురుగా ఉన్నప్పుడు.

వెళ్ళిరా. నీకు ప్రశాంతత దొరకాలి.

నాకు అక్కర్లేదు.