చంద్రయ్య లేపిన పుట్ట

యాభై నాలుగేళ్లు వచ్చేసరికి చంద్రయ్యకు ఈ లోకంలో మిగిలిన కోరిక ఒక్కటే. కూర్చోవాలి. మోక్షం గురించి పెద్దలు చాలా చెప్పారు గానీ, ఆయన లెక్కలో మోక్షమంటే ఒక ముక్కాలిపీట, వెనక ఆనుకోవడానికి ఒక గోడ. ఆ గోడ ఇంకెవరైనా కట్టింది అయితే మరీ మంచిది.

ముప్పై ఎనిమిదేళ్లుగా ఆయన మట్టిగోడలే లేపుతున్నాడు. మిర్యాలగూడలో రైసుమిల్లుల ప్రహరీలు, కోదాడలో రోడ్డు పొడుగునా కొట్లు, సూర్యాపేటలో సగం బజారు ఆయన చేతిమీదుగా లేచినవే. మట్టిగోడకు ఒక పద్ధతి ఉంది. ఎర్రమట్టిలో తరిగిన వరిగడ్డి కలిపి, నానబెట్టి, కాళ్లతో తొక్కి ముద్ద చేయాలి. రోజుకు మూరెడు ఎత్తున ఒక్క వరస పెట్టి, అది ఆరేదాకా ఆగాలి. తొందరపడి ఇంకో వరస పెడితే గోడ కుంగుతుంది. అందువల్ల ఆయన ఆయుష్షు సగం తొక్కడానికి, సగం ఆరేదాకా నిలబడడానికి సరిపోయింది. మోకాళ్లు రెండూ ఎప్పుడో రాజీనామా ఇచ్చాయి. చంద్రయ్యే ఇంకా ఆమోదించలేదు.

1963లో సూర్యాపేట పొలిమేరలో ఒక ఆరోగ్య ప్రదర్శనశాల కట్టాలని సర్కారువారు సంకల్పించారు. ఈగల వల్ల, మురుగునీళ్ల వల్ల, మశూచి వల్ల వచ్చే అనర్థాలను రంగుల బొమ్మల్లో చూపించి ప్రజలను జ్ఞానవంతులను చేయడం ఉద్దేశం. నక్ష గీసింది బద్రీనాథ్ అనే కుర్ర ఇంజనీరు. ఆరోగ్యం నేర్పే భవనం ముందు తాను సరిగ్గా ఊపిరి పీల్చుకోవాలన్నది ఆయన సిద్ధాంతం. ఆ విద్యలో మనిషికి గురువు చెదపురుగు అన్నాడాయన. ఎంత ఎండైనా పుట్ట లోపల చల్లగా ఉంటుందట, కింది కంతల్లోంచి గాలి వచ్చి వేడి నెత్తిమీది కంతలోంచి పోతుందట. కాబట్టి భవనం అచ్చం పుట్టలా ఉండాలి. సిమెంటు తగలకూడదు, సున్నం పూయకూడదు.

చంద్రయ్య ఆ నక్షను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

“సారూ, గిది మనుషులు పోయేటందుకేనా?”

“మనుషులకే. రోజుకు వంద మంది లోపలికి వెళ్లి రావాలి.”

“అయితే మంచిది” అన్నాడు చంద్రయ్య, మంచిది కాదని తెలిసిన గొంతుతో.

ఒప్పుకోవడానికి కారణం ముక్కాలిపీట. భవనం లేచాక దానికి ఒక వాచ్‌మన్ కావాలనీ, ఆ ఉద్యోగం నీకేననీ ఇంజనీరు మాటిచ్చాడు. దానికొక షరతు ఉంది. శ్రావణమాసం చివర జిల్లా నుంచి పెద్దసారు తనిఖీకి వస్తాడు. అప్పటికి రిజిస్టరులో చూడవచ్చిన మూడు వందల మంది సంతకాలో వేలిముద్రలో ఉంటే పోస్టు మంజూరవుతుంది. లేకపోతే భవనానికి తాళం, చంద్రయ్యకు మళ్లీ మట్టి.

నాలుగు నెలలు తొక్కాడు. భార్య సాలమ్మ కూడా పక్కనే తొక్కింది, నోరు మాత్రం ఊరుకోలేదు. ఇన్నేండ్లు మనుషులకు ఇండ్లు కట్టి, ఇగ పాములకు కడుతున్నవా అని రోజూ అడిగేది. రోజూ అడిగే మాటకు జవాబు అక్కరలేదని ఆయన నమ్మకం.

చివరి వరస పెట్టి, నెత్తిమీది కంతకు తాటాకుల గొడుగు వేసిన రోజున చంద్రయ్య ప్రతి ఇంటికీ చేసే పనే దీనికీ చేశాడు. కొత్త ఇంటి గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టడం ఆయన అలవాటు. ఈ ఇంటికి గడప లేదు, దర్వాజా లేదు, వంగి దూరే గుండ్రటి వాకిలి తప్ప. చేతిలో పసుపు కలిపి ఉంది. పారబోయడం ఎందుకని వాకిలి పక్కన గోడకే రాసి, అయిదు బొట్లు పెట్టాడు. ఇంజనీరు దాన్ని స్థానిక కళగా గుర్తించి మెచ్చుకున్నాడు.

ప్రదర్శనశాల తెరిచారు. కోదాడ నుంచి స్వరాజ్యలక్ష్మి అనే నర్సు, టీకాల పెట్టె, రిజిస్టరు పట్టుకుని వచ్చింది. జనం కూడా వచ్చారు. వచ్చి, పది అడుగుల దూరంలో చెప్పులు విడిచి, దండం పెట్టి వెళ్లిపోయారు. నెల తిరిగేసరికి రిజిస్టరులో పదకొండు సంతకాలున్నాయి. అందులో నాలుగు ఇంజనీరువే. బయట ‘లోపలికి రండి’ అని ఆయన బోర్డు రాయించాడు. చదువొచ్చినవాళ్లు చదివారు, రానివాళ్లకు చదివి వినిపించారు, తర్వాత అందరూ కలిసి దండం పెట్టారు.

తండా నుంచి కట్టెలమోపుతో బజారుకు పోయే పుష్పాబాయిని నర్సు ఆపి, ఎందుకు రావని అడిగింది.

“సుట్టూ తిరుగుమంటే తిరుగుత. లోపటికెట్ల పోత? నీ ఇంట్ల నువ్వు పన్నంక నేనొస్తే ఊకుంటవా?” అంది పుష్పాబాయి.

నర్సు చూపు అప్పుడు గోడమీది బొట్ల మీద పడింది.

“చంద్రయ్యగారూ, ఇవి పెట్టిందెవరండీ?”

చంద్రయ్య చూపు తాటాకుల గొడుగు వైపు తిప్పాడు. “నేనే పెట్టిన నర్సమ్మా.”

“తుడిచెయ్యండి మరి. పెద్దసారు రావడానికి నెల రోజులు కూడా లేదు.”

ఆయన తడిగుడ్డ తీసుకుని గోడ దగ్గరికి వెళ్లాడు. ఎంతసేపు నిలబడ్డాడో, గుడ్డ ఆరిపోయింది. తిరిగొచ్చాడు.

“పెట్టిన బొట్టు తుడుసుడు నాతోని కాదమ్మా. పోతే పోనీ, నౌకరి నాకు లేదనుకుంట.”

అనడం అయితే అన్నాడు గానీ, ఆ రాత్రి మోకాళ్లు ఆయన్ను నిద్రపోనివ్వలేదు. తెల్లారేసరికి ఒక ఉపాయం తట్టింది. లోపల మనిషి కూర్చుని ఉంటే, భయం లేదని జనానికి తెలుస్తుంది. ఆ తర్వాత వాళ్లే వస్తారు. ఈ ఉపాయం అమలుకు ఆయన ఎంచుకున్న రోజు, జనం బాగా వస్తారని, నాగులపంచమి.

వచ్చారు. నేరేడుచర్ల నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు, మిర్యాలగూడ నుంచి బస్సులెక్కి వచ్చారు. ఇంత పెద్ద పుట్ట ఈ చుట్టుపక్కల లేదని పేరు పాకిపోయింది. లోపల ఈగ బొమ్మ కింద చంద్రయ్య ముడుచుకుని కూర్చున్నాడు. గాలి రావడానికని ఇంజనీరు పెట్టించిన కంతల్లోంచి పాలు వచ్చాయి. మొదట భుజమ్మీద, తర్వాత నెత్తిన. ఆయన ఓర్చుకుని, వీలైనంత మెత్తగా పిలిచాడు.

“అమ్మా, లోపటికి రాండి. ఏం గాదు.”

పుట్ట మాట్లాడింది. ముగ్గురికి పూనకం వచ్చింది. మిగిలినవాళ్లు ఒక్క ఉదుటున వెనక్కి జరిగి, మూడు ప్రదక్షిణలు చేద్దామనుకున్నవాళ్లు పదకొండు చేశారు.

చంద్రయ్య ఇంక నోరెత్తలేదు. పాలు కారుతున్న కంతల కింద, ఇంకా రాని తన ముక్కాలిపీట అందరి కాళ్ల కింద నలిగిపోతున్న చప్పుడు వింటూ కూర్చున్నాడు.

నర్సు లేచి, లోపలున్న టేబుల్ బయటికి ఈడ్చి, సరిగ్గా జనం తిరిగే దారిలో వేసింది. వాళ్లు లోపలికి రాకపోతే ఆరోగ్యమే బయటికి వస్తుంది. ఇది మశూచి టీకా అని ప్రతి ఒక్కరికీ చెప్పింది, చెయ్యి చాపమంది. ఊళ్లోకి వెళ్తే తలుపులు వేసుకునే ఇల్లాళ్లు, పుట్ట ఎదుట కాదనలేక, పిల్లల్ని కూడా ముందుకు తోశారు. టీకా వేయించుకున్నవాళ్లు రిజిస్టరులో వేలిముద్ర వేశారు. వేసి, పోతూ పోతూ గోడలోంచి చిటికెడు పుట్టమన్ను గిల్లి చెవులకు పెట్టుకున్నారు. చెవులకు మంచిదని.

సాయంత్రానికి నాలుగు వందల పన్నెండు వేలిముద్రలు. గోడకు చేతికందే ఎత్తులో, చుట్టూతా జానెడు లోతు గాడి.

పెద్దసారు వచ్చాడు. రిజిస్టరు చూసి సంతోషించాడు. లోపలికి తొంగిచూసి, ఇంత జనం చూసినా బొమ్మలు మాయలేదని రాసుకున్నాడు. పోస్టు మంజూరైంది. ముక్కాలిపీట కూడా వచ్చింది, సర్కారు ముద్రతో.

భవనాన్ని భద్రంగా చూసుకోవడం వాచ్‌మన్ విధి అని ఆ కాగితంలోనే రాసి ఉంది. పంచమికి పంచమికి గోడ పాలకు నానేది, గిల్లుళ్లకు తరిగేది. భద్రంగా చూసుకోవాలంటే మట్టి తొక్కాలి, రోజుకు మూరెడు పెట్టాలి. ఇంజనీరు మిర్యాలగూడకు బదిలీ అయి, అక్కడ చతురస్రంగా గోదాములు కట్టించాడు. నర్సు ఏటా పంచమికి పెట్టె పట్టుకుని వచ్చింది. చంద్రయ్య పదకొండు శ్రావణాలు ఆ గోడ మళ్లీ మళ్లీ కట్టాడు.

చివరి ఏడాది, 1974లో, సాలమ్మ సద్ది తెచ్చేసరికి ఆయన మోకాళ్లదాకా మట్టితో పీటమీద ఉన్నాడు.

“నౌకరొస్తే కూసుంటనంటివి?”

“కూసున్న గద. ఎనకట గోడ ఆరేదాక నిలవడేటోన్ని.”

సాలమ్మ గిన్నె ముందు పెట్టింది. ఆయన అలవాటుగా వెనక్కి వాలబోయి, గుర్తొచ్చి, నడుం నిటారుగా పెట్టుకున్నాడు. గోడ ఇంకా పచ్చిగానే ఉంది.