గంటలున్న మంద

తెలంగాణ వచ్చిన కొత్తలో మాట. జడ్చర్ల బస్టాండులో ఆగిన బస్సులో నా పక్కన నల్లద్దాలు పెట్టుకున్న ముసలి గొర్రెల కాపరి కూర్చున్నాడు. కంటి ఆపరేషన్ అయినా చూపు రాలేదట. ఆయన కొడుకు చాయ్ కోసం దిగాడు.

నా నోరు ఊరుకోదు కదా, గ్రీకుల పాత నాటకం ఎత్తుకున్నాను. అందులో గుడ్డివాడికి నిజమంతా తెలుసు, కళ్లున్న రాజుకు ఏమీ తెలియదు. తెలిసిన రోజు రాజు తన కళ్లు తానే పొడుచుకుంటాడు. ఆ రాజు వేషం నేనే వేశానని, జనం వెక్కి వెక్కి ఏడ్చారని చెప్పాను. నిజానికి నేను తెర లాగాను, అంతే.

“కండ్లు పోయినంక రాజుకు బువ్వెవలు వెట్టిన్రు సారూ?”

“కూతురు చెయ్యి పట్టుకుని నడిపించింది.”

“బిడ్డ ఉన్నది గనుకనే పొడుసుకున్నడు,” అని నవ్వి, గొంతు తగ్గించాడు. “నాకు చూపొచ్చింది సారూ. నా కొడుకు మంద మొత్తం అమ్ముకొని, మిగిలిన నాలుగు గొర్లకే గంటలన్నీ కట్టిండు. గా చప్పుడు ఇని మంద ఉన్నదనుకున్న. ఆపరేషన్ అయినంక ఇంటికివోయి చూస్తే తెలిసింది. కనవడ్తుందంటే వానితోని కొట్లాడాలె. కొట్లాడితే బువ్వ వెట్టడు. గందుకే ఇంకా గుడ్డోన్నే.”

అంతలో కొడుకు కిటికీ దగ్గరకు వచ్చాడు. మా ముందే సగం చాయ్ తాగి, కప్పున్న చెయ్యి లోపలికి చాచాడు.

“నిండుగ తెచ్చిన నాయినా, ఒలకవోసుకోకు.”

ముసలాయన గాలిలో తడిమాడు. కావాలనే రెండుసార్లు తప్పాడు. కప్పు దొరికాక ఒక గుక్క తాగాడు.

“నిండుగనే ఉన్నది కొడుకా.”