నాన్న లేని ఇంట్లో కూలర్

దయ్యాల కబుర్లు చెబితే నవ్వేసే ఇల్లు మాది. నాన్న సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగి. "బతికున్నవాళ్ళకే ఢిల్లీలో క్వార్టర్ దొరకదు, చచ్చినవాళ్ళకెక్కడ దొరుకుతుంది?" అనేవారు. నేనూ అలాగే పెరిగాను. ఇప్పటికీ అలాంటివి నమ్మను. జరిగింది మాత్రం చెబుతాను.

తొంభైల మధ్యలో, ఒక మే నెలలో, నాన్న ఆఫీసులోనే గుండెపోటుతో పోయారు. ఆర్.కె. పురంలో మూడో అంతస్తు క్వార్టర్లో అమ్మ, అన్నయ్య, నేను మిగిలాం. నేనప్పుడు బి.ఎ. చదువుతున్నాను.

ముగ్గురం మూడు దారులయ్యాం. అమ్మ కంట చుక్క రాలేదు. తోమిన గిన్నెలే మళ్ళీ తోమేది. అన్నయ్య ఇంటిపట్టున ఉండేవాడు కాదు. పెన్షన్ పనులంటూ పొద్దున్నే వెళ్ళిపోయేవాడు, వస్తే అందరి మీదా చిరాకు. నేను నాన్న చొక్కా ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తూ కూర్చునేదాన్ని. ఒకరోజు అన్నయ్య ఆయన చొక్కాలన్నీ మూటగట్టి కింద చౌకీదారుకి ఇచ్చేశాడు.

"నాన్న గుర్తే లేకుండా చేద్దామనా?" అన్నాను.

అన్నయ్య చెయ్యెత్తాడు గానీ కొట్టలేదు. ఆ తర్వాత మా మధ్య మాటల్లేవు.

కిటికీకి బిగించిన కూలర్ పని మొదటినుంచీ నాన్నదే. పొద్దున నీళ్ళు వచ్చే వేళకి వంటింటి కుళాయికి పైపు తగిలించి, టాంకు నింపి, వట్టివేళ్ళ తడికెలు తడిపి ఆఫీసుకి వెళ్ళేవారు. బయట వడగాలి కొడుతుంటే లోపల తడి వట్టివేళ్ళ వాసన. ఆదివారం మధ్యాహ్నాలు ఆ చల్లదనంలో నలుగురం చాపల మీద పడుకునేవాళ్ళం. ఢిల్లీ అంటే నాకు ఇప్పటికీ అదే.

ఆయన పోయాక అమ్మ కూలర్ ముట్టుకోనివ్వలేదు. టాంకు ఎండిపోయింది.

కర్మలు అయ్యాక అస్థికలు కలపడానికి హరిద్వార్ వెళ్ళాం. ఇంటికి తాళం అన్నయ్యే వేశాడు. ఉన్న ఒక్క తాళంచెవీ అమ్మ కొంగున ముడేసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం తిరిగొచ్చాం. మెట్ల మీద ఎదురింటి పంజాబీ ఆంటీ కనబడి, "పానీ నహీ ఆ రహా బేటా, కల్ సే" అంది. నిన్నటినుంచీ బ్లాకు మొత్తానికి నీళ్ళు రావట్లేదట.

తాళం తీస్తుంటేనే లోపలినుంచి మోత వినిపించింది. తలుపు తెరిస్తే చల్లగాలి ముఖానికి తగిలింది, వట్టివేళ్ళ వాసనతో సహా. కూలర్ నడుస్తోంది. అన్నయ్య టాంకులో చెయ్యి పెట్టి చూశాడు. అంచుదాకా నీళ్ళు.

గబగబా స్విచ్ దగ్గరికి వెళ్ళాడు.

"ఉండనీరా. ఇప్పుడేగా పెట్టారు" అంది అమ్మ.

చాప పరుచుకుని ఆ గాలికెదురుగా పడుకుంది. అప్పుడు ఏడ్చింది, చిన్నపిల్లలా, వెక్కి వెక్కి. అన్నయ్య ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. కాసేపటికి నా వైపు తిరిగి, "ఆ చొక్కాలు కళ్ళెదుట ఉంటే ఊపిరాడలేదే నాకు" అన్నాడు.

వెళ్ళి పక్కన కూర్చున్నాను. ముగ్గురం అక్కడే, సాయంత్రందాకా ఒళ్ళెరగకుండా నిద్రపోయాం.

లేచాక అన్నయ్య వాకబు చెయ్యని మనిషి లేడు. "చాబీ తో తుమ్హారే పాస్ థీ" అంది ఆంటీ, తాళంచెవి మీ దగ్గరేగా ఉంది అని తనే ఆశ్చర్యపోతూ. మూడో అంతస్తు కిటికీకి బయటినుంచి చెయ్యి అందే దారి లేదు. మా కుళాయిలో చుక్క రాలేదు.

అమ్మ ఎవర్నీ ఏమీ అడగలేదు. మర్నాడు నీళ్ళు రాగానే పైపు తెచ్చి అన్నయ్య చేతికిచ్చి, "తడికెలు కూడా బాగా తడుపు" అంది.

ఇన్నేళ్ళయినా ఆ మాట వస్తే, "తాళం వేసే హడావుడిలో పొరపాటున స్విచ్ నొక్కేసుంటాను" అంటాడు అన్నయ్య. మరి నీళ్ళో అని అడిగితే టీ కప్పు పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళిపోతాడు. నేనూ రెట్టించను. నన్నడిగితే చెప్పడానికి నా దగ్గర మాత్రం ఏముంది?