మణికట్టుకు కట్టాల్సిన తాడు

విశాఖపట్నం స్టేషన్లో దిగేసరికి ఉదయం అయిదూ నలభై. జూలై ఆఖరి వారం, సన్నటి వాన. ఎనభైల మొదట్లో సంగతి. స్టీల్ ప్లాంటు ఇంకా కడుతున్న రోజులు. సామాను దించడానికే యాభై నిమిషాలు పట్టింది. మూడు రబ్బరు పడవలు, మడతపెట్టి కాన్వాసు సంచుల్లో. మూడు మోటార్లు, చెక్కపెట్టెల్లో. ఖాళీ పెట్రోలు ట్యాంకులు ఆరు. తెడ్లు, కాలి పంపులు, ఇరవై నాలుగు లైఫ్ జాకెట్లు. మనుషులం పదకొండుమందిమి. పన్నెండోవాడు మా మేజర్ సాబ్. ఆయన రెండు రోజులాగి, ఎండ కాశాక వచ్చాడు.

క్యాంపు ఫిషింగ్ హార్బరు దాటాక, ఇసుక మీద. నాలుగు టెంట్లు, ఒక రేకుల షెడ్డు. ఆర్డరు ఒక్కటే. తుపాన్ల కాలం వచ్చేలోగా ఇరవైమంది జాలరి కుర్రాళ్ళకి మోటారు రబ్బరు పడవ నడపడం నేర్పాలి. ఊళ్ళు మునిగితే ముందు వెళ్ళేది వాళ్ళే. మా దళంలో తెలుగువాడిని నేనొక్కణ్ణే. మెకానిక్ మలయాళీ, రేడియో ఆపరేటర్ పంజాబీ. కాబట్టి నేర్పే పని నా నెత్తిన పడింది. అప్పుడు నేను నాయక్‌ని, మేజర్ సాబ్‌కి చాలా మెట్లు కింద.

నేను పుట్టింది తగరపువలస దగ్గర, వరీ గోగూ పండించే ఇంట్లో. సైన్యంలో చేరేదాకా నడుము దాటి నీళ్ళలోకి దిగినవాణ్ణి కాదు. అలాంటివాడు జాలర్లకి సముద్రం మీద పాఠం చెప్పడం ఎంత నవ్వులాటో మొదటిరోజే తెలిసింది. వాళ్ళు నవ్వారు కూడా. వాళ్ళలో అందరికంటే పెద్దగా నవ్వినవాడు నూకరాజు. ఇరవై నాలుగేళ్ళుంటాయి. పదేళ్ళప్పటినుంచీ తండ్రి పోలయ్యతో తెప్ప మీద వేటకి వెళ్తున్నవాడు. రెండోరోజుకే నన్ను బావా అనడం మొదలుపెట్టాడు.

షెడ్డు గోడ మీద నియమాలు సుద్దతో రాశాను. ఈ మధ్య జనం చెరువుల్లో, రిజర్వాయర్లలో సరదాకి చిన్న గాలి పడవలు కొనుక్కుంటున్నారట. మీరూ చదవండి, ఖర్చేం కాదు. తెల్లవారుజామున పడవకి గాలి బిగించి కొట్టకండి. పది గంటల ఎండకి లోపలి గాలి ఉబ్బి అతుకు విచ్చుకుంటుంది. చల్లటి నీళ్ళలోకి దింపాక మళ్ళీ నొక్కి చూసుకోండి, మెత్తబడి ఉంటుంది. పెట్రోలు ట్యాంకు తాడుతో కట్టండి. తెడ్లు లేకుండా కదలకండి, మోటారు ఎవరికీ చుట్టం కాదు. నడిపేవాడు ఒక్కడే వెనక కూర్చుంటే ముక్కు పైకి లేస్తుంది, ముందు ఇసుక మూట పెట్టండి. ఎప్పుడు తిరిగొస్తారో ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్ళండి. నీళ్ళలో మనిషి ఉంటే మోటారు ఆపి, తెడ్డుతో దగ్గరకు వెళ్ళండి.

అన్నిటికంటే పైన రాసింది రెండు. ఒకటి, పడవలో నిలబడకూడదు. రెండు, ఎర్ర తాడు మణికట్టుకి కట్టుకోవాలి.

ఆ తాడు మూరెడుంటుంది. ఒక కొస నడిపేవాడి చేతికి, రెండో కొస మోటారు మీదున్న క్లిప్పుకి. మనిషి పడవలోంచి పడిపోతే క్లిప్పు ఊడొస్తుంది. మోటారు ఆగిపోతుంది. అంతే దాని పని. అంత చిన్న వస్తువు.

మొదటి నియమం దగ్గరే గొడవ. తెప్ప మీద జాలరి నిలబడే అల దాటుతాడు. కాళ్ళ కింద దుంగలు ఎటు వంగితే ఒళ్ళు అటు వంగుతుంది. అది వాళ్ళకి ఎవరూ నేర్పలేదు, నడక వచ్చినట్టు వచ్చింది. రబ్బరు పడవలో అలా నిలబడితే మోటారు ఊపుకి మనిషి గాల్లోకి లేస్తాడు. ఎన్నిసార్లు చెప్పినా పెద్ద అల కనబడగానే ఇరవైమందీ లేచి నిలబడేవాళ్ళు. లేవగానే తాడు లాగి క్లిప్పు ఊడేది. మోటారు ఆగేది. పడవ అలకి అడ్డం తిరిగేది. నేను ఒడ్డునుంచి గొంతు చించుకునేవాణ్ణి.

ఒకసారి నూకరాజుని పక్కకి పిలిచి గట్టిగానే తిట్టాను. వాడు నవ్వలేదు.

"నాను కూకుంటే అల ఎనకాల ఇంకో అల ఎలాగొత్తందో ఏటి కనబడతాది బావా? కళ్ళు మూసుకుని బండి తోలమన్నట్టుంది," అన్నాడు.

వాడు చెప్పింది తప్పు కాదు మరి. తెప్ప మీద వాడు ఎంత రైటో, రబ్బరు పడవలో అంత తప్పు. ఏమీ రానివాడికి నేర్పడం తేలిక. బాగా వచ్చినవాడి ఒంట్లోంచి వచ్చినదాన్ని తీసెయ్యడానికి రెండు నెలలు చాల్లేదు నాకు.

అయినా సెప్టెంబరు మూడోవారానికి చాలావరకు దారిలోకొచ్చారు. అల వస్తే మోకాళ్ళ మీద లేచి చూసి మళ్ళీ కూర్చోవడం నేర్చుకున్నారు. ఆ ఉపాయం నూకరాజుదే. ఇంకో నెల ఇచ్చి ఉంటే సరిపోయేది.

నెల ఇవ్వలేదు. పెద్దలు చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. ఇసుక మీద షామియానా, కుర్చీలు. మూడు పడవలు షామియానా ముందునుంచి వరసగా వెళ్ళాలి. తర్వాత మొదటి పడవ, మునుగుతున్నట్టు నటించే ఇద్దరిని ఎక్కించుకుని రావాలి. వచ్చేటప్పుడు ఇద్దరికీ చోటుండాలని ఆ పడవ నూకరాజు ఒక్కడికే ఇచ్చాను. అందరిలోకీ వాడే బాగా నడిపేవాడు. నా ఎంపికే అది. ఇంకొకరి మీదకి తోయను.

ముందురోజు రిహార్సల్లో, సరిగ్గా షామియానా ఎదురుగా, మొదటి పడవ మోటారు రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ వాడు సగం లేచాడు, తాడు లాగింది. మేజర్ సాబ్ నన్ను పిలిచాడు. రేపు అతిథుల ముందు ఏ మోటారూ ఆగడానికి వీల్లేదన్నాడు. ఆగడమే ఆ తాడు పని సాబ్, అన్నాను. ఒక్క రోజుకేగా, క్లిప్పు ఊడకుండా తీగ చుట్టెయ్యి, ఎల్లుండి తీసెయ్యి, అన్నాడు. ఆయనేమీ అరవలేదు. టీ తాగుతూ చెప్పాడు. అరిచి ఉంటే ఎదురు చెప్పేవాణ్ణేమో.

మెకానిక్ ముఖం తిప్పుకున్నాడు. పట్టకారు నేనే తీసుకున్నాను. మూడు మోటార్ల మీదా క్లిప్పుని ఇనుపతీగతో మూడేసి చుట్లు చుట్టి, తాళ్ళు కోసేశాను. పది నిమిషాల పని.

మర్నాడు పొద్దున నూకరాజుకి ఆ సంగతి చెప్పాను. ఇవాళ తాడు లేదు, జాగ్రత్త, చచ్చినా లేవొద్దు అన్నాను. మణికట్టు రుద్దుకుని నవ్వాడు.

"పోన్లే బావా, సేతికి సంకెల తప్పింది," అన్నాడు.

పదీ ఇరవైకి నీళ్ళలోకి దిగాం. నైరుతి గాలి. అల నడుమెత్తు, విరిగే చోట ఇంకా ఎక్కువ. రెండో పడవలో నేనూ, గురువులు అనే జాలరీ, రేడియో సెట్టూ. షామియానా పక్కన ఆపరేటర్ కూర్చున్నాడు.

"రెండో పడవ, మొదటి పడవని ఇంకా ఒడ్డు దగ్గరకి రమ్మని సైగ చెయ్యి. పెద్దలకి కనబడటం లేదు. ఓవర్."

"అల విరిగేది అక్కడే. కుదరదు. ఓవర్."

కాసేపు గరగర. మళ్ళీ అతని గొంతు, ఈసారి మెల్లగా.

"సాబ్ పక్కనే ఉన్నారు. రమ్మంటున్నారు. ఓవర్."

చెయ్యి ఊపాను. ఆ చెయ్యీ నాదే.

నూకరాజు పడవ తిప్పాడు. ఒకదాని వెనక ఒకటి మూడు అలలు లేచాయి. మొదటిదాన్ని మోకాళ్ళ మీద లేచి దాటాడు. రెండోదానికి నిలబడ్డాడు. పదేళ్ళప్పటినుంచీ ఒంట్లో ఉన్నదే చేశాడు. పడవ ముక్కు లేచింది. వాడు పక్కకి పడ్డాడు.

తాడు ఉంటే అక్కడితో అయిపోయేది. మోటారు ఆగేది, వాడు తిట్టుకుంటూ ఈదుకొచ్చేవాడు, సాయంత్రం అందరం వాణ్ణి ఏడిపించేవాళ్ళం.

మోటారు ఆగలేదు. మనిషి లేని పడవ తిన్నగా పోదు. మోటారు తిప్పే పిడి ఒక పక్కకి వాలిపోతుంది, పడవ ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది, పడినవాడి చుట్టూనే. మొదటి చుట్టు రెండు గజాల దూరంలో పోయింది. రెండో చుట్టుకి వాడు మునగబోయాడు. జాలరి కదా, కిందకి పోతే పడవ మీదనుంచి వెళ్ళిపోతుందని వాడికి తెలుసు. లైఫ్ జాకెట్ వాణ్ణి మునగనివ్వలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ పైకి తేల్చింది. ఆ జాకెట్ తాళ్ళు బిగించి ముడివేసింది నేను. మూడో చుట్టు తప్పలేదు.

ఒడ్డున చప్పట్లు కొట్టారు. పడవ గిరగిరా తిరగడం ప్రదర్శనలో భాగమనుకున్నారు. ఆ చప్పట్లు నాకు నీళ్ళమీదనుంచి స్పష్టంగా వినబడ్డాయి.

గురువులు లంగరు తాడు విప్పి, ఎదురొస్తున్న పడవ వెనక్కి విసిరాడు. రెండుసార్లు తప్పింది. మూడోసారి తాడు నీళ్ళలో తిరిగే రెక్కకి చుట్టుకుని మోటారు బిగుసుకుపోయింది. అప్పటికి పదీ నలభై. నూకరాజుని మా పడవలోకి లాగాం. ఒడ్డుకి చేరేలోపే అయిపోయింది. ఇంతకంటే వివరంగా చెప్పను.

అదే మధ్యాహ్నం మేజర్ సాబ్ తీగలు విప్పించాడు. మూడు మోటార్లకీ పెట్టెలోంచి కొత్త ఎర్ర తాళ్ళు తగిలించారు. నాలుగు గంటలకి విచారణకి వచ్చి చూసినవాళ్ళకి అన్నీ సవ్యంగా కనబడ్డాయి. నన్ను అడిగారు. తాళ్ళు ఉన్నాయా అని అడిగారు, ఉన్నాయన్నాను. పొద్దున ఉన్నాయా అని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణని చాలా ఏళ్ళు నన్ను నేను నమ్మించుకున్నాను. చెప్పేవాణ్ణి కాదు. నాకు భయం వేసింది. ఉద్యోగం పోతుందని, తీగ చుట్టిన చెయ్యి ఎవరిదని అడుగుతారని.

అయిదోరోజున కాగితం తయారైంది. ఇంగ్లీషులో టైపు చేసిన ఒకటిన్నర పేజీ. దాని మీద నూకరాజు తండ్రి వేలిముద్ర కావాలి. చదివి తెలుగులో చెప్పే పని మళ్ళీ నాదే.

పోలయ్య పదకొండు గంటలకి వచ్చాడు. ఎవరిదో తెల్లచొక్కా తొడుక్కున్నాడు, భుజాల దగ్గర వదులుగా. కుర్చీ వేస్తే కూర్చోలేదు. మేజర్ సాబ్ బల్ల వెనక ఉన్నాడు. నేను కాగితం పట్టుకున్నాను. అందులో ఉన్నది ఇది: మృతుడు తనకి చెప్పిన సూచనలు పాటించలేదు. సముద్రపు అలల గురించి తగిన అవగాహన లేనివాడు. ప్రమాదానికి అతని అనుభవరాహిత్యమే కారణం.

నేను చదవడం మొదలుపెట్టకముందే పోలయ్య అడిగాడు.

"బాబూ, నాకు సదువు రాదు. ఒక్కటి సెప్పు. మావోడికి సముద్రం తెలీదని గాని రాసినారా?"

నిజం చెబితే ఆయన వేలు పెట్టడు. వేలు పెట్టకపోతే మళ్ళీ విచారణ. విచారణ మొదలైతే తీగ సంగతి బయటికొస్తుంది. ఇదంతా ఆలోచించడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు.

"లేదు తాతా. సముద్రం బాగా తెలిసినవాడనే రాశారు. అల పెద్దదొచ్చిందని రాశారు," అన్నాను.

ఆయన తల ఊపాడు. "అది సాలు బాబూ. ఇంకేటొద్దు," అన్నాడు. ఇంకు ప్యాడ్ ముందుకి జరిపాను. నేను చూపించిన చోట బొటనవేలు నొక్కాడు. మేజర్ సాబ్ కాగితం ఫైల్లో పెట్టి, ఆయనకి మంచినీళ్ళిమ్మన్నాడు.

అక్టోబరంతా గాలివాటు చూస్తూ కూర్చున్నాం. మా మీదికి తుపాను రాలేదు. జాలరి కుర్రాళ్ళు పాఠాలకి రావడం మానేశారు. గురువులు ఒకసారి హార్బరులో ఎదురుపడి, నన్ను చూసి పక్కకి తప్పుకున్నాడు. వాడికి తీగ సంగతి తెలుసు. మోటారుకి చుట్టుకున్న తాడు విప్పింది వాడే. వాడు ఎందుకు చెప్పలేదో నాకు తెలీదు. చెబితే వినేదెవరు అనుకున్నాడేమో.

నవంబరు రెండోవారంలో పడవల గాలి తీసి, మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, మడతపెట్టాం. మోటార్లు పెట్టెల్లోకి వెళ్ళాయి. వెళ్ళేముందు నాకు రెండ్రోజులు సెలవిచ్చారు. బస్సెక్కి తగరపువలస వెళ్ళాను. మా అమ్మ కొర్రమీను పులుసు పెట్టింది. సముద్రం సంగతులు చెప్పమని చుట్టుపక్కలవాళ్ళు వచ్చి కూర్చున్నారు. పెద్దలు మెచ్చుకున్నారా అని అడిగారు. మెచ్చుకున్నారని చెప్పాను. ఆ తర్వాత ఇంకో తొమ్మిదేళ్ళు సర్వీసు చేసి, పెన్షనుతో ఊరికొచ్చేశాను.

గాలి పడవ కొన్నవాళ్ళెవరైనా అడిగితే ఇప్పటికీ చెబుతాను. జాకెట్ వేసుకోండి. అది నూకరాజుని మునగనివ్వలేదు నిజమే, అయినా వేసుకోండి, తప్పు దానిది కాదు. కూర్చోండి. తాడు మణికట్టుకి కట్టుకోండి. అది మాటిమాటికీ మోటారు ఆపేస్తోందని విసుగొస్తే ఆ విసుగు భరించండి. ఎవరు చెప్పినా తియ్యకండి. ముఖ్యంగా, మెల్లగా మర్యాదగా చెప్పేవాళ్ళ మాట వినకండి.

నా కళ్ళముందు నిలిచిపోయింది ఆ తిరిగే పడవ అని అందరూ అనుకుంటారు. కాదు. అది కలలో వచ్చేది, తర్వాత తగ్గింది. తగ్గనిది వేరే. వేలిముద్ర వేశాక పోలయ్య షెడ్డు బయటికి వచ్చాడు. తుడుచుకోవడానికి ఎవరూ గుడ్డ ఇవ్వలేదు. ఎరువు తెచ్చుకున్న చొక్కాకి మరక అంటకూడదని, నీలంరంగు బొటనవేలిని మిగతా వేళ్ళకి దూరంగా చాపి పట్టుకున్నాడు. గుమ్మం దగ్గర నిలబడిన నావైపు తిరిగాడు. ఆ వేలు అలాగే విడిగా ఉంచి, రెండు చేతులూ కలిపి నాకు దణ్ణం పెట్టాడు.