తొమ్మిది ఎర్ర దీపాలు

క్రేన్ డ్రైవర్ కునుకు తీసి యాభై గంటలు దాటింది. పగలు డ్యూటీ, రాత్రి ఆస్పత్రిలో భార్య మంచం పక్కన కాపలా. కింద నిలబడి జెండా ఊపే బావమరిది ఇక ఊరుకోలేదు.

"బావా, నువ్వెత్తే దూలాల కింద ఉండేది నా నెత్తి. అక్కకి మొగుడు కావాలి, నాకు తల కావాలి. నడు!" అంటూ భోజనాల వేళ కంపెనీ డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాడు.

ఆవిడ అతన్ని ఒక చిన్న పెట్టె ముందు కూర్చోబెట్టింది. ఎర్ర దీపం వెలిగినప్పుడల్లా మీట నొక్కాలి. పది నిమిషాలు.

"ఒక్కటీ వదల్లేదమ్మా," అన్నాడతను ధీమాగా.

"తొమ్మిది వదిలేశారు. కళ్లు తెరిచే ఉన్నాయి, మెదడే నిద్రపోయింది. దాని మరమ్మతుకి నిద్ర కావాలి. మనం ఇవ్వకపోతే అడక్కుండా లాక్కుంటుంది. ఆ సంగతి మనకి తెలియనైనా తెలియదు."

పెట్టె ఇచ్చిన కాగితంలో తొమ్మిది ఖాళీలున్నాయి. ఒక్కొక్కటీ మూడు నాలుగు సెకన్లు. దూలం జారడానికి అంతసేపు కూడా అక్కర్లేదు. అతను పొద్దుటి నుంచి ఎత్తిన దూలాలను ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాడు. ఇరవై ఆరు.

"ఒరే, పొద్దుట్నుంచి ఎన్నెత్తాన్రా?"

బావమరిది జేబులోని లెక్కల పుస్తకం తీసి చూశాడు.

"ముప్ఫై ఒకటి."